పరుపు ఎవరు మోయాలి?



పోయిన నెల మా పక్క ఊళ్లో మూడు రోజుల కన్వెన్షన్ జరిగింది. రెండో రాత్రి పట్నం నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు "విక్టిమ్ మెంటాలిటీ" అనే అంశం మీద గంటన్నర మాట్లాడాడు. మంచి వాక్చాతుర్యం ఉన్నవాడు. మీరు కింద పడి ఉండటానికి కారణం మీకు జరిగిన అన్యాయం కాదు, మీ ఏడుపు అన్నాడు. ఎప్పుడూ ఎవరో ఏదో చేశారని చెప్పుకునేవాళ్లను దేవుడు వాడుకోడన్నాడు. చేతులెత్తించి "నేను బాధితుణ్ణి కాను" అని మూడుసార్లు చెప్పించాడు. జనం చెప్పారు. స్టేజీ మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నేనూ చెప్పాను.

మూడోసారి చెప్పిస్తుండగా స్త్రీల వైపు నుంచి ఒకామె లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయింది. ఆమె నాకు తెలుసు. ఆమె సంగతి ఇక్కడ రాయడం న్యాయం కాదు కాబట్టి రాయను. ఆమెకు జరిగింది స్టేజీ మీదున్న మాలో ఎవరికైనా జరిగి ఉంటే, మేము ఇప్పటికీ మంచం దిగి ఉండేవాళ్లం కాదు. అంతవరకు చెప్పగలను.

ఆ రాత్రి బండి మీద ఇంటికి వస్తూ దారి పొడవునా మనసులో ఆ ప్రసంగీకుడితో పోట్లాడాను. ఇల్లు చేరేసరికి అర్థమైంది, సగం ఆయనతో పోట్లాడుతున్నాను, సగం నాతో. ఈ వ్యాసం ఆ పోట్లాటే. మీకు కోపం వచ్చే మాటలు ఇందులో ఉంటాయి. ముందు ఆయన మీద, తర్వాత మన మీద, మధ్యలో నా మీద.

యోహాను సువార్త 5వ అధ్యాయం మనందరికీ తెలిసినదే. యెరూషలేములో గొఱ్ఱెల ద్వారము దగ్గర బేతెస్ద కోనేరు, ఐదు మంటపాలు, వాటి నిండా రోగులు. గవర్నమెంటు ఆసుపత్రి వరండా చూసినవాళ్లకి ఆ మంటపాలు ఊహించుకోవడం కష్టం కాదు. అక్కడ 38 ఏళ్లుగా పడి ఉన్న ఒక మనిషి. యేసుప్రభువు అతని దగ్గరికి వెళ్లి, బాగుపడాలని నీకుందా అని అడిగాడు. అతను ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. నీళ్లు కదిలినప్పుడు నన్ను దించే మనిషి లేడు, నేను వెళ్లేలోపు ఇంకొకడు దిగుతున్నాడు అన్నాడు.

ఈ భాగం మీద నేను కనీసం పదిసార్లు ప్రసంగించి ఉంటాను. ప్రతిసారీ ఆ మనిషినే కొట్టాను. చూడండి, అవునా కాదా అంటే సాకులు చెబుతున్నాడు, ఇదే మన రోగం అని. ఇప్పుడు చదివితే సిగ్గేస్తోంది. అతను చెప్పింది సాకు కాదు, నిజం. ఆ కోనేటి పద్ధతి ఎలాంటిదో చూడండి. ముందు దిగినవాడికే స్వస్థత. ముందు ఎవడు దిగుతాడు? నడవగలిగినవాడు, లేకపోతే మోసే మనుషులున్నవాడు. రోగం ఎంత తక్కువైతే స్వస్థత అంత దగ్గర. కాళ్లు చచ్చుబడి, పక్కన మనిషి లేనివాడు 38 ఏళ్లు కాదు, 380 ఏళ్లున్నా అందులో దిగలేడు. ఇలాంటి కోనేళ్లు మన చుట్టూ కూడా ఉన్నాయి. మీకు చెప్పనక్కర్లేదు.

ప్రభువు అతని మాట ఖండించలేదు. నువ్వు అబద్ధమాడుతున్నావనలేదు, ఏడుపు మానమనలేదు. అలాగని ఆ వరస సరిచేసేదాకా ఆగమనీ అనలేదు, ఎత్తుకుని కోనేట్లో దించనూ లేదు. లేవమన్నాడు, పరుపెత్తుకోమన్నాడు, నడవమన్నాడు. ఈ రెండూ కలిసి ఒకే నోటి నుంచి రావాలి. పట్నం ప్రసంగీకుడు మొదటిది మర్చిపోయాడు. మన పల్లె సంఘాలు రెండోది మర్చిపోయాయి.

మొదటిది ముందు మాట్లాడుకుందాం. మన జనానికి దెబ్బలు తగల్లేదా?

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ముందు రోజు సాయంత్రం మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ అది. మేము తాగే నీళ్లు పాడుచేయకండి అన్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త అనే స్త్రీ చేతిలోని బిందె ఎత్తి అడ్డుకుంది. ఆమె పేరు మళ్లీ చదవండి. సువార్త. తెల్లారేసరికి పేట మీద పడ్డారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల చేరారు. ఆరేళ్ల తర్వాత, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ రెండు పేటల్లోనూ ఆదివారం గంట కొడితే గుడికి వెళ్లే కుటుంబాలున్నాయి. మనలాంటివాళ్లే.

ఆ తల్లుల ముందు నిలబడి "నేను బాధితురాలిని కాను" అని మూడుసార్లు చెప్పమంటావా అన్నా? నీకు ధైర్యముందా?

ఇంకొకటి. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడిని ఎస్సీగా లెక్కించకూడదని అందులో ఉంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవుడు బీసీ-సీ. ఊళ్లో మాత్రం బాప్తిస్మము తీసుకున్నాడని ఎవరూ అతని గ్లాసు మార్చలేదు. ఇది అన్యాయమేనని నా అభిప్రాయం. వేరే అభిప్రాయమున్న సేవకులు కూడా ఉన్నారు, వాళ్లతో నాకు తగాదా లేదు. ఇవన్నీ మనస్తత్వాలు కావు, జరిగినవి, జరుగుతున్నవి. మనస్తత్వం మార్చుకుంటే చెరువు శుభ్రపడదు.

కాబట్టి బలవంతుడు బలహీనుడితో "నీది బాధిత మనస్తత్వం" అంటే అది వాక్యం కాదు, ఇంకో దెబ్బ. ఈ సంగతి నేను చెడ్డగా నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక సోదరి చేతులు కమిలిపోయి, చంకలో బిడ్డతో రాత్రి పూట మా ఇంటికి వచ్చింది. నేను ప్రార్థన చేసి, సహించమని చెప్పి, సిలువ మోయమని చెప్పి, సైకిలెక్కించుకుని మళ్లీ ఆ ఇంటికే దించి వచ్చాను. ఆమెకు ఆ రాత్రి కావలసింది ప్రసంగం కాదు, గడియ వేసుకోగల తలుపు. మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ సోదరి తర్వాత పుట్టింటికి వెళ్లిపోయింది, ఇప్పుడు బాగానే ఉందని విన్నాను. అందులో నా గొప్పేమీ లేదు. ఇప్పుడు ఎవరైనా అలా వస్తే ముందు తలుపు, తర్వాత పోలీసు స్టేషను, ఆ తర్వాతే ప్రార్థన. పోనీ ప్రార్థన నడుస్తూ చేద్దాం.

ఇక రెండోది. ఇక్కడ నా సొంత జనం మీదికి వస్తున్నాను. మొదట నేనే దొరుకుతాను.

నాకు పరిచర్యలో ఒక అన్యాయం జరిగింది. తొమ్మిదేళ్లయింది. ఎవరు చేశారో, ఎక్కడో రాయను. పునాది రాయి దగ్గర నుంచి రేకుల దాకా దగ్గరుండి కట్టించిన మందిరంలోంచి ఒక ఉత్తరం ముక్కతో నన్ను పంపించేశారు. కారణం చెప్పలేదు. పిల్లల పరీక్షలు కూడా అవ్వలేదు. ట్రాక్టరు ట్రక్కులో సామాను వేసుకుని, బీరువా పైన మా చిన్నోడిని కూర్చోబెట్టుకుని ఊరు దాటాం. ఇది నిజం, ఇప్పుడైనా ఇందులో ఒక్క అక్షరం మార్చను.

కానీ తర్వాత నేనేం చేశానో వినండి. ఈ ఊరొచ్చాక ప్రతి ప్రసంగంలో ఆ కథ వచ్చేది. యోసేపు గురించి చెప్పినా అదే, దావీదు సౌలు గురించి చెప్పినా అదే, క్రిస్మస్ రోజు సత్రంలో స్థలం లేకపోవడం గురించి చెప్పినా అదే. ఇళ్లు దర్శించకపోతే, నేను గాయపడ్డ సేవకుణ్ణి. వాక్యం సిద్ధపడకుండా పులిపిటం ఎక్కితే, నా మనసు బాగాలేదు. కానుకలు తగ్గితే, ఆ శత్రువులు ఇక్కడి దాకా మాట పంపి ఉంటారు. ఆ అన్యాయం నాకు ఆస్తి అయింది. దాని మీద వడ్డీ తింటూ బతికాను.

మా సంఘంలో మిరప కోతలకు వెళ్లే ఒక పెద్దామె ఉంది. చదువు లేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అయ్యగారూ, ఒక మాటంటే కోపపడతారా?" అంది.

"చెప్పమ్మా."

"మీ నోట్లో యేసయ్య పేరు కంటే ఆళ్ల పేరే ఎక్కువ వస్తా ఉంది. ఇప్పుడు ఆళ్లెట్టుంటారో కూడా నాకు తెలిసిపోయింది. ఎదురొస్తే గుర్తుపడతా."

నవ్వుతూనే అంది. నాకు కోపమే వచ్చింది. వారం రోజులు వచ్చింది. ఆ వారం కూర్చుని నా ప్రసంగాల నోటు పుస్తకం తిరగేశాను. ఆమె చెప్పింది తక్కువే.

దెబ్బ తగలడం వేరు, దెబ్బనే పేరుగా పెట్టుకోవడం వేరు. నయోమి అలాగే చేసింది. మోయాబులో భర్త పోయాడు, ఇద్దరు కొడుకులు పోయారు. అంతకంటే పెద్ద దెబ్బ ఉంటుందా? బేత్లెహేముకు తిరిగొచ్చి, నన్ను నయోమి అని పిలవకండి, మారా అనండి అంది. నిండుగా వెళ్లి ఖాళీగా వచ్చానంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె పక్కన ఎవరున్నారు? రూతు. సొంత ఊరు, సొంత తల్లి, సొంత దేవతలు వదిలేసి ఆమె కొంగు పట్టుకుని వచ్చిన పిల్ల. ఆ పిల్ల పక్కనుండగా, అందరి ముందు "ఖాళీగా వచ్చాను". రూతుకెలా ఉండి ఉంటుంది? గ్రంథంలో రాయలేదు. రాసింది ఇంకొకటి ఉంది. వాళ్లు వచ్చింది యవల కోత మొదలయ్యే రోజుల్లో అని.

నయోమిని దేవుడు గద్దించలేదు, అది గమనించండి. కానీ ఆమె అడిగినా ఆ పుస్తకం ఆమెను ఎక్కడా మారా అని పిలవదు. చివరిదాకా నయోమి అనే పిలుస్తుంది. ఆమె ఏడుపును పూర్తిగా రాసిపెట్టి, ఆమె పెట్టుకున్న పేరు మాత్రం రాయలేదు. విశ్వాసం మన గాయంతో చేసేది అదేనని నాకనిపిస్తుంది. గాయాన్ని కొట్టేయదు, పేరును ఒప్పుకోదు. నా తొమ్మిదేళ్లలో నా రూతులు ఎంతమందో! నేను వచ్చిన మొదటి వారం చాటెడు బియ్యం తెచ్చిన ఇళ్లు, మా చిన్నోడికి ఫీజు కట్టిన రైల్వే గ్యాంగ్‌మన్ సోదరుడు, పైన చెప్పిన పెద్దామె. వాళ్ల ముందే నిలబడి ప్రతి ఆదివారం నాకేమీ మిగల్లేదని చెప్పాను.

మన సాక్ష్యాల కూడికలు కూడా ఇలాగే తయారయ్యాయి. సాక్ష్యం అంటే ప్రభువు చేసింది చెప్పాలి కదా? పది నిమిషాల సాక్ష్యంలో తొమ్మిది నిమిషాలు తోటికోడలు. చివరి నిమిషంలో "అయినా దేవుడు నన్ను కాచాడు". ఆ తోటికోడలు మూడో వరసలో కూర్చుని ఉంటుంది. ఆమె సాక్ష్యం వచ్చే వారం.

దీనికి ఆత్మీయమైన రంగు వేసి అమ్ముకునేవాళ్లు బయలుదేరారు. వాళ్ల మీద నాకు పట్నం ప్రసంగీకుడి మీద కంటే ఎక్కువ కోపం. వంశ శాపాలట. మీ తాత చేసిన పాపం వల్ల మీ కొడుక్కి ఉద్యోగం లేదు, మీ ఇంటి మీద ఎవరో చేయించారు, ఫలానా ఉపవాస కూడికకు వచ్చి, ఫలానా నూనె తీసుకుని, కానుక కవరు పెడితే శాపం తెగుతుంది. ఎన్ని కూడికలకు వెళ్లినా అది తెగదు, ఎందుకంటే తెగితే వాళ్ల బండికి పెట్రోలు ఉండదు. పట్నం ఆయన తప్పంతా నీదే అన్నాడు. వీళ్లు నీ చేతిలో ఏమీ లేదంటారు. ఇద్దరూ నీ దగ్గర నుంచి నిన్ను లాక్కునేవాళ్లే.

2021లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది, గుర్తుందా? పూత మొత్తం రాలిపోయింది. కౌలుకు చేసినవాళ్లు నిండా మునిగారు. ఆ ఏడు మా సంఘంలో ఒక సహోదరుడు పక్క పొలం వాళ్లు చేతబడి చేయించారని గట్టిగా నమ్మాడు. నమ్మి, పక్క పొలం వాళ్లతో మాటలు మానేసి, పదివేలు ఒక ప్రార్థనా కేంద్రంలో పెట్టి వచ్చాడు. బాబూ, ఆ పురుగు గుంటూరు నుంచి ఖమ్మం దాకా తిన్నది. అన్ని వేల ఎకరాలకు చేతబడి చేసేంత తీరిక ఎవరికుంది? ఆ పక్క పొలం వాళ్ల మిరప కూడా పోయింది. ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుని ఏడవాల్సినవాళ్లు. వ్యవసాయాధికారి దగ్గరికి కలిసి వెళ్లాల్సినవాళ్లు.

తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయని ఇశ్రాయేలీయులు ఒక సామెత చెప్పుకునేవారు. బబులోను చెరలో ఉన్నవాళ్లు అలా అనుకోవడంలో వింతేముంది? చెర నిజమే కదా. అయినా యెహెజ్కేలు 18వ అధ్యాయంలో దేవుడు ఆ సామెత ఇక మీ నోట రాకూడదన్నాడు. పుట్టు గుడ్డివాడిని చూపించి, ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తలిదండ్రులూ కాదన్నాడు ప్రభువు. దాని మీద ఇంకేం తెగ్గొట్టాలి? సిలువ మీద తెగనిది ఏదైనా ఒక నూనె సీసాతో తెగుతుందంటే, ఆ బోధకుడు ఏ సువార్త ప్రకటిస్తున్నాడో మీరే తేల్చుకోండి.

కొందరు విశ్వాసులు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు. అయ్యగారూ, అయితే నోరు మూసుకుని క్షమించి ఊరుకోమంటారా? కాదు. వెయ్యిసార్లు కాదు. అడగడం మానేయడమే ఆ రోగానికి అసలు గుర్తు. గొణుక్కోవడం వేరు, అడగడం వేరు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి తలచుకుని గుడారాల దగ్గర నిలబడి ఏడ్చారు. ఐగుప్తులో కొరడా దెబ్బలు మర్చిపోయి కూర గుర్తుపెట్టుకున్నారు. ఆ తర్వాత వేగులవాళ్లు కనాను చూసి వచ్చి, మా కళ్లకు మేము మిడతల్లా ఉన్నాం, వాళ్ల కళ్లకూ అలాగే ఉన్నామన్నారు. మీ కళ్లకెలా ఉన్నారో మీకు తెలుసు. వాళ్ల కళ్లకెలా ఉన్నారో మీకెవరు చెప్పారయ్యా? వెళ్లి అడిగారా?

అదే సంఖ్యాకాండములో, 27వ అధ్యాయంలో, సెలోపెహాదు కుమార్తెలున్నారు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి పోయాడు, అన్నదమ్ములు లేరు, కాబట్టి భూమిలో వాటా లేదు. ఐదుగురు ఆడపిల్లలు. గుడారం దగ్గర కూర్చుని ఏడవలేదు. ప్రత్యక్షపు గుడారము ద్వారం దగ్గరికి వచ్చి, మోషే ముందు, యాజకుడి ముందు, ప్రధానుల ముందు, సమాజమంతటి ముందు నిలబడి మా వాటా మాకివ్వమన్నారు. మోషే దేవుణ్ణి అడిగాడు. వాళ్లు చెప్పేది సబబే అన్నాడు దేవుడు. ధర్మశాస్త్రంలో ఒక కట్టడ వాళ్ల అర్జీ వల్ల వచ్చింది. ఇది మన స్త్రీల కూడికల్లో ఎందుకు చెప్పరో నాకు తెలియదు. తెలుసేమో కూడా.

పౌలు సంగతి చూడండి. ఫిలిప్పీలో విచారణ లేకుండా బట్టలు చింపి కొట్టారు, కాళ్లకు బొండ వేశారు. అర్ధరాత్రి పాటలు పాడాడు, ఇది అందరం చెబుతాం. తెల్లారాక చేసింది చెప్పం. గుట్టుగా వెళ్లిపొమ్మని కబురు పంపితే కదల్లేదు. రోమీయులమైన మమ్మల్ని అందరి ముందు కొట్టారు, ఇప్పుడు దొంగచాటుగా పంపుతారా, కొట్టించినవాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వచ్చారు, బతిమాలారు. రాత్రి పాడినవాడే తెల్లారి అడిగాడు. పాటలో కక్ష లేదు కాబట్టే అడగడంలో వణుకు లేదు.

చుండూరువాళ్లు కూడా అదే అడిగారు. మేము కోర్టు చుట్టూ తిరగం, కోర్టే మా ఊరికి రావాలని పట్టుబట్టారు. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టివేసింది. అంటే ఏం ఒరిగింది అంటారా? ఆ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. చంపబడ్డవాళ్ల ఇళ్లలో కూర్చుని జవాబు చెప్పగల పాస్టరును నేను చూడలేదు. కానీ ఆ పదహారేళ్లు సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డ మనుషులు మిడతలు కారు. అది మాత్రం నాకు తెలుసు.

యోసేపు మాట కూడా చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే క్షమాపణ పేరుతో మనం చేసే మోసం అక్కడ బయటపడుతుంది. యోసేపు అన్నలతో, పోనీలెండి, మీరేమీ చేయలేదు అనలేదు. మీరు నాకు కీడు తలపెట్టారని ముఖం మీదే అన్నాడు, ఆ తర్వాతే దేవుడు దాన్ని మేలుకు తిప్పాడన్నాడు. కీడును కీడు అనలేనివాడు క్షమించలేడు. వాడు భయపడి ఊరుకున్నాడంతే. యోసేపు ఊరికే ఊరుకోలేదు, పరీక్షించాడు, గదిలోకి వెళ్లి ఏడ్చాడు, మళ్లీ వచ్చాడు. పెద్ద కొడుక్కి మనష్షే అని పేరు పెట్టాడు, దేవుడు నా బాధను మరిపించాడని. అయినా అన్నలు కనబడగానే అన్నీ గుర్తొచ్చాయి. నేనూ నన్ను పంపించిన పెద్దల్లో ఒకాయనకు రెండేళ్ల కిందట ఉత్తరం రాశాను. మీరు చేసింది అన్యాయం, నేను క్షమించాను, రెండూ రాశాను. జవాబు రాలేదు. రాకపోయినా వడ్డీ వ్యాపారం మూసేశాను.

ఇప్పుడు మా ఊరి సంగతి. మా పేటకు సమాధుల స్థలం ఉంది, దారి లేదు. ఉండేది. నాలుగేళ్ల కిందట ఆ బాటను పక్క రైతు పొలంలో కలిపి దున్నేశాడు. అప్పటి నుంచి ఎవరు చనిపోయినా పెట్టె భుజాన వేసుకుని కాలవలో దిగి వెళ్లాలి. వానాకాలమైతే మోకాళ్ల లోతు. ప్రతి భూస్థాపన రోజూ ఇదే మాట, మనవాళ్లకు చచ్చాక కూడా దారి లేదని. ఆ మాట అని, స్నానం చేసి, అన్నం తిని పడుకోవడం. నేనూ ఆ మాట అన్నవాణ్ణే. కలెక్టరాఫీసులో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు, జనం దాన్ని గ్రీవెన్స్ అనే పిలుస్తారు. మా దగ్గర ఫిర్యాదు వారానికి ఏడు రోజులూ ఉంది, ఆ సోమవారం మాత్రం నాలుగేళ్లలో ఒక్కటీ రాలేదు.

కన్వెన్షన్ అయిన ఆదివారం, ప్రసంగం బదులు ఈ సంగతే మాట్లాడాను. కొందరు మనవల్ల కాదన్నారు. ఒకాయన, పెద్ద రైతులతో పెట్టుకుంటే కూలి పనులు పోతాయన్నాడు. అది ఉత్త భయం కాదు, అలా జరిగిన ఊళ్లున్నాయి. గంటసేపు తేలలేదు. చివరికి ముందు ఆ రైతు ఇంటికే వెళ్దామని నేనూ ఇద్దరు సంఘ పెద్దలూ వెళ్లాం. అరుగు మీద కూర్చోమన్నాడు, పేపరు గ్లాసుల్లో మంచినీళ్లిచ్చాడు. దారి మాత్రం ఇవ్వనన్నాడు. కాగితాలుంటే చూపించుకోమన్నాడు.

డిగ్రీ చదివి ఖాళీగా తిరుగుతున్నాడని అందరూ తిట్టే కుర్రాడు సచివాలయంలో ఎఫ్ఎంబీ పటం తీయించాడు. అందులో బాట గీత స్పష్టంగా ఉంది. అర్జీ వాడే రాశాడు, నేను రెండు చోట్ల అక్షర దోషాలు దిద్దాను, అంతే. పోయిన సోమవారం ఒకే ఆటోలో పదకొండు మందిమి వెళ్లాం. మిరప కోతల పెద్దామె రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. లైనులో రెండు గంటలు నిలబడ్డాం. ఆమె కాళ్లు నొప్పులంటే నా చేతిలోని సంచి ఇచ్చి దాని మీద కూర్చోమన్నాను. కూర్చోలేదు, మన వంతొచ్చినప్పుడు లేవడం ఆలస్యమైతే ఇంకొకడు ముందుకు దూరతాడంది.

రసీదు ఇచ్చారు. దాన్ని మందిరంలో కానుకల పెట్టెలో పెట్టాం, పోకుండా. సర్వేయరు వచ్చే గురువారం వస్తానన్నాడు. రాకపోతే ఆ వెంటనే మళ్లీ సోమవారం ఉంది, ఆటో మాట్లాడి ఉంచాం.